భాషా సందేహాలు: యోరుబా తల్లి కాదు, తోబుట్టువు

ప్రశ్న: గత సంచికలో నైజీరియా దేశపు భాషల గురించి రాస్తూ, 'ఇగాలా' అనేది యోరుబా భాషకు ఒక మాండలికమని మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు. మా మేడమీద వాటాలో అద్దెకుంటున్న నైజీరియా విద్యార్థి మాతృభాష ఇగాలాయే. మీ జవాబు సారాంశం అతనికి చెప్పినప్పుడు అతను నవ్వి, "మీ తెలుగు తమిళానికి మాండలికమా, ఆంటీ?" అని అడిగాడు. నాకు ఏమనాలో తోచలేదు. ఇద్దరిలో ఎవరిది ఒప్పు?
(ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం)

జవాబు: ఆ విద్యార్థిదే ఒప్పు, పొరపాటు నాది. అతను వేసిన ఎదురుప్రశ్నలోనే సరైన జవాబు కూడా ఉంది కనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

తమిళమూ తెలుగూ ఒకే కుటుంబానికి చెందినవైనా తెలుగు తమిళం నుంచి పుట్టలేదు. రెండూ వాటికంటే ఎంతో పాతదై, నేడు ఎవరి నోటా వినబడని ఒక మూలభాష నుంచి వేరువేరు దారుల్లో నడిచి వచ్చాయి. అయితే 1856లో రాబర్ట్ కాల్డ్వెల్ ఈ కుటుంబానికి 'ద్రావిడ' అనే పేరును స్థిరపరచినప్పుడు, అంతకుముందు ఎక్కువగా తమిళానికే వాడుతూ వచ్చిన మాటను కుటుంబం మొత్తానికి పెట్టినట్లయింది. పేరు ఒకరిది కాగానే పెద్దరికం కూడా వారిదేనని జనం అనుకోవడం సహజం. ఇగాలాకు పట్టిన గతీ అదే. ఆ భాష చేరిన గుంపును భాషా శాస్త్రజ్ఞులు 'యోరుబాయిడ్' అంటారు. ఆ మాట చివర ఉన్న తోకకు 'పోలినది' అని అర్థం, అంటే యోరుబాను పోలిన భాషలని చెప్పడమే తప్ప యోరుబాకు పుట్టిన భాషలని చెప్పడం కాదు. గుంపులో అందరికంటే ఎక్కువ మంది మాట్లాడేది, అందరికంటే ముందు అచ్చుకెక్కినది యోరుబా కాబట్టి దాని పేరే అందరికీ ఇంటిపేరయింది.

ఈ గుంపు మొదట రెండు కొమ్మలుగా చీలింది. ఒక కొమ్మ మీద ఇగాలా ఒంటరిగా ఉంది. రెండో కొమ్మ మీద యోరుబా, దాని అనేక మాండలికాలు, వర్రి ప్రాంతపు ఇత్సెకిరి, ఒలుకుమి, బెనిన్, టోగో దేశాల్లో 'ఎదె' అన్న పేరుతో పిలిచే భాషలు ఉన్నాయి ('ఎదె' అంటే భాష అనే అర్థం). నైజర్, బెన్యూ నదులు లొకోజా పట్టణం దగ్గర కలుస్తాయి. అక్కడినుంచి నైజర్ వెంట కిందికి పోతే తూర్పు గట్టు మీద ఇదా అనే పట్టణం వస్తుంది. 'అట్టా' అనే బిరుదుగల ఇగాలా రాజుల పీఠం అదే. యోరుబావారి ఊళ్లు ప్రధానంగా నదికి పడమట ఉంటే, ఇగాలావారు తూర్పున తమ రాజ్యంతో, తమ వంశాలతో, తమ మాటతో శతాబ్దాలపాటు విడిగా బతికారు. యోరుబా మాట్లాడేవారు 4 కోట్లకు పైగా ఉంటారు. ఇగాలావారు 10 లక్షలు దాటినా ఆ లెక్క ముందు చిన్నగానే కనబడతారు. చిన్నగా కనబడిన భాషను పెద్దభాషలో కలిపేయడం నాలాంటివాళ్లు తరచుగా చేసే తప్పే.

బంధుత్వం ఎంతటిదో అంకెలు చూస్తే తెలుస్తుంది. యోరుబాలో రెండు 'ఎజి', మూడు 'ఎటా', ఆరు 'ఎఫా', ఎనిమిది 'ఎజో'. ఇగాలాలోనూ, స్వరంలో తేడా తప్ప, దాదాపు ఇవే మాటలు. కానీ నాలుగు యోరుబాలో 'ఎరిఁ', ఇగాలాలో 'ఎలె'; ఐదు యోరుబాలో 'ఆరుఁ', ఇగాలాలో 'ఎలు'. (అరసున్నను ఇక్కడ ముక్కుతో పలకవలసిన అచ్చుకు గుర్తుగా వాడుతున్నాను, పాత అక్షరానికి మళ్లీ ఒక పని దొరికింది.) ఒకచోట రేఫ ఉంటే రెండోచోట లకారం ఉండడం కన్నడ 'కివి' మన 'చెవి' అయినట్లు, 'కెరె' మన 'చెరువు' అయినట్లు ఒక క్రమం ప్రకారం జరిగిన మార్పు. ఇలాంటి క్రమమే చుట్టరికానికి సాక్ష్యం. అయినా ఇదాలోని వ్యక్తి మాట్లాడితే యోరుబావారి నగరమైన ఇబాదాన్‌లోని వ్యక్తికి అర్థం కాదు. మనకు దగ్గరి పోలిక కావాలంటే అరకు సంతకు వెళ్లాలి. అక్కడ వినబడే కువి, కొండదొరల కూబి భాషలు దక్షిణ-మధ్య ద్రావిడ శాఖలో తెలుగుకు తమిళం కంటే దగ్గరి చుట్టాలు; కూబి గురించి భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లో సవివరమైన గ్రంథమే ప్రచురించారు. ఆ సంతలో చెవికి తెలిసినట్లుండే మాటలు అక్కడక్కడ తగులుతాయి, వాక్యం మాత్రం చేతికి చిక్కదు. ఇగాలా విన్న యోరుబావారి అనుభవం అలాంటిదే.

ప్రశ్న: నేను ఓడరేవులో పనిచేసి రిటైరయ్యాను. చాలా ఏళ్ల క్రితం ఒక సరుకు ఓడలో ఇద్దరు నైజీరియన్లతో పరిచయమైంది. ఒకాయనది లాగోస్, మరొకాయనది వర్రి. ఎవరి భాషలో వారు మాట్లాడుకున్నా చాలావరకు ఒకరికొకరు అర్థమయ్యేవారు. అయినా వర్రి ఆయనను యోరుబావాడని పిలిస్తే మాత్రం ముఖం మాడ్చుకునేవాడు. అర్థమయ్యే భాష ఒకటే భాష కాదా?
(ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: వర్రి ఆయన మాట్లాడినది ఇత్సెకిరి అయి ఉంటుంది. ఆ పేరులోని 'త్స' మన 'చాప'లో పలికే దంత్య చకారం లాంటిదే కాబట్టి తెలుగువారికి కష్టం కాదు. ఇగాలా విషయంలో దూరం ఎక్కువ. ఇక్కడ దూరం చాలా తక్కువ. ఇత్సెకిరి యోరుబాలోని ఆగ్నేయ మాండలికాలకు, అంటే ఒండో, ఒవొ, ఇజెబు వైపు మాటకు, బాగా దగ్గర. శాస్త్రజ్ఞుడు మాటల పట్టికలు మాత్రమే ముందు పెట్టుకుని కూర్చుంటే ఇత్సెకిరిని యోరుబా మాండలికాల పక్కనే రాసుకుంటాడు.

కానీ మీ ఓడ స్నేహితుడి కోపానికి చరిత్ర ఉంది. నైజర్ నది సముద్రంలో కలిసే డెల్టాలో, ఉర్హోబో, ఇజా వంటి బొత్తిగా వేరైన భాషల మధ్య ఇత్సెకిరివారు ఉంటారు. వారి రాజును 'ఒలు' అంటారు. 15వ శతాబ్దం చివర బెనిన్ రాజ్యం నుంచి వచ్చిన గినువా అనే రాకుమారుడు ఈ వంశాన్ని స్థాపించాడని వారి సంప్రదాయం చెబుతుంది. (ఈ బెనిన్ నేటి నైజీరియాలోని ఎదో జాతివారి పాత రాజధాని, పక్కనున్న బెనిన్ దేశం వేరు. పేర్ల తికమక ఆ ప్రాంతంలో అడుగడుగునా ఉంది.) కాబట్టి మాట యోరుబా వైపుది, సింహాసనం ఎదో వైపుది, వర్తకం పోర్చుగీసువారితో. 17వ శతాబ్దపు ఆరంభంలో వర్రి యువరాజు ఒకరు దొమింగోస్ అన్న క్రైస్తవ నామంతో పోర్చుగల్‌లో చదువుకుని, అక్కడి స్త్రీని పెళ్లాడి తిరిగి వచ్చి రాజయ్యాడు. మనకు 'బొత్తాం', 'అలమారా' ఇచ్చిన ఆ పోర్చుగీసువారే ఇత్సెకిరికీ కొన్ని మాటలు ఇచ్చిపోయారు. ఇంత సొంత చరిత్ర ఉన్నవారిని మరొకరి పేరుతో పిలిస్తే ముఖం మాడక ఏమవుతుంది?

అర్థం కావడం ఒక కొలత మాత్రమేనని ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. ఎకితి, ఇజెబు ప్రాంతాలవారి పల్లెమాట ఒకరిది ఒకరికి తేలికగా అందదు, అయినా తాము యోరుబావారమేనని వారు ఒప్పుకున్నారు కాబట్టి అవి మాండలికాలయ్యాయి. ఇత్సెకిరివారు ఒప్పుకోలేదు కాబట్టి వారిది భాష అయింది. నన్నడిగితే ఇందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు. తమ మాటకు పేరు పెట్టుకునే హక్కు ఆ మాట మాట్లాడేవారిదే.

ఇంకో రెండు చోట్ల కథ మరోలా నడిచింది. ఇగ్బో భాషీయుల మధ్య, నేటి డెల్టా రాష్ట్రంలోని ఉగ్బొదు వంటి కొద్ది ఊళ్లలో, ఒలుకుమి అనే చిన్న భాష మిగిలి ఉంది. ఆ మాటకు 'నా నేస్తం' అని అర్థం. అట్లాంటిక్ దాటించి క్యూబాకు అమ్మిన యోరుబా బానిసలను అక్కడ 'లుకుమీ' అని పిలిచారు, వారి పూజల్లో నేటికీ వినబడే భాషకు అదే పేరు. ఆ పేరూ ఈ పేరూ ఒకే మాట నుంచి వచ్చాయని పండితుల అభిప్రాయం. ఇక పడమట 1889లో ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు కూర్చుని గీసుకున్న సరిహద్దు వల్ల, యోరుబావారి ప్రాచీన రాజ్యాల్లో ఒకటైన కెటు ఫ్రెంచివారి వైపు పడింది. నేటి బెనిన్ దేశంలోని కెటు, సావె, దస్సా పట్టణాలవారు, టోగోలో అటక్పామె చుట్టుపక్కల ఇఫె మాట్లాడేవారు ఈ గుంపువారే. బడిలో ఫ్రెంచి చదివి, ఇంట్లో ఎదె మాట్లాడే పిల్లవాడికి లాగోస్ పత్రికలోని ప్రామాణిక యోరుబా సగం పరాయిదిగానే ఉంటుంది.

ప్రశ్న: 'యోరుబా' అన్న పేరు ఎప్పటిది? ఆ జాతివారే పెట్టుకున్నదా?
(ఒక విద్యార్థి, పెదవాల్తేరు)

జవాబు: నిజానికి ఈ పేరు మొదట ఒయో రాజ్యం వారిది మాత్రమే, అదీ ఉత్తరాన ఉన్న హౌసావారు వారిని పిలిచిన పేరు. ఎగ్బావారు ఎగ్బా అని, ఇజేషావారు ఇజేషా అని చెప్పుకునేవారు. అందరినీ కలిపే పేరు దేశంలో కంటే ముందు దేశం బయట, వలసలో, అవసరమైంది.

19వ శతాబ్దంలో ఇంగ్లీషు నౌకాదళం బానిస ఓడలను పట్టుకుని, అందులోనివారిని సియెరా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో దింపేది. అక్కడ ఈ భాషల వారిని 'అకు' అన్నారు. పలకరింపులన్నీ 'కు' అనే మాటతో నడవడమే అందుకు కారణం. పొద్దున పలకరింపు 'ఎ కారో', పనిచేసేవారిని చూస్తే 'ఎ కు ఇషె'. అందులోని 'ఎ' మన 'మీరు' వంటిది. ఒక్కరినే అయినా పెద్దవారిని బహువచనంతో పిలవడం, వెనుక చెప్పుకునేటప్పుడు కూడా 'వారు' అనడం యోరుబాలో మనలాగే ఉంది.

అలా ఫ్రీటౌన్ చేరినవారిలో ఒకరు సామ్యూల్ అజయి క్రౌథర్. 1821 ప్రాంతంలో పిల్లవాడిగా బానిసల వేటగాళ్లకు చిక్కి, 1822లో విడుదలై, 1843లో యోరుబా పదకోశమూ వ్యాకరణమూ ప్రచురించి, 1864లో ఆంగ్లికన్ చర్చికి మొదటి ఆఫ్రికన్ బిషప్ అయ్యారు. ఆయనా తోటి మిషనరీలూ ఒయో మాటను పునాదిగా తీసుకుని బైబిలును అనువదించారు, అందరికీ కలిపి 'యోరుబా' అనే పేరు వాడారు. లిపిలో ఏ అక్షరం ఎలా రాయాలో 1875లో లాగోస్‌లో సమావేశమై స్థిరపరచుకున్నారు. అదే కాలంలో ఫ్రీటౌన్‌లోనే ఉన్న జర్మన్ మిషనరీ జిగిస్ముండ్ కోలె, విడుదలైన బానిసల నోట వందకు పైగా భాషల మాటలు సేకరించి 1854లో ప్రచురించారు. ఎగ్బా, ఇజెబు, ఇఫె, ఒండో, ఇత్సెకిరి అన్నిటినీ ఒకచోట పెట్టి, ఇగాలాను వాటి బంధువుగా పక్కన నిలిపిన ఆ పనిలోనే, ఒక్క ప్రాంతపు పేరును జాతి మొత్తానికి అంటగట్టడం పొరపాటని ఆయన గట్టిగా విమర్శించారు. విమర్శ సబబే అయినా ఎవరూ వినలేదు, పేరు నిలిచిపోయింది. పర్లాకిమిడిలో సవర భాషకు నిఘంటువు కూర్చి, తెలుగులో వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకు రాక మానరు. భాషకు అక్షరం ఇచ్చేవాడు ఏ ఊరి మాటను ఎంచుకుంటాడన్న దానిమీద తరాల తగాదాలు ఆధారపడతాయి.

ప్రశ్న: యోరుబాలో ఒకే మాటకు నాలుగు అర్థాలుంటాయని విన్నాను. మరి వారికి ఎలా తెలుస్తుంది?
(ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం)

జవాబు: ఒకే మాట కాదు, ఒకే అక్షరాలు. ఈ గుంపు భాషల్లో ప్రతి అక్షరానికీ ఎత్తు ఉంటుంది: పై స్వరం, మధ్య స్వరం, కింది స్వరం. యోరుబాలో 'ఒకో' అని రెండూ మధ్య స్వరంలో పలికితే భర్త; చివరిది పైకి ఎత్తితే మట్టి తవ్వే పార; చివరిది కిందికి దించితే పడవ, ఈ కాలంలో కారు కూడా; రెండూ కింది స్వరంలో పలికితే ఈటె. చెవికి అలవాటైనవారికి ఇవి మనకు 'పలక', 'పాలక' ఎంత వేరో అంత వేరు. డమరుకం ఆకారంలో నడుము సన్నగా ఉండే వారి వాద్యాన్ని చంకలో ఇరికించి తాళ్లను నొక్కుతూ వాయిస్తే స్వరం పైకీ కిందికీ పోతుంది. మన ఉత్తరాంధ్ర జముకులో నరాన్ని బిగించి వదిలినట్లే. మాటలోని స్వరాల వరుసనే వాయించి వారు సామెతలు, రాజుల బిరుదులు 'పలికిస్తారు'.

ప్రశ్న: యోరుబాలో ఇంటిని 'ఇలే' అంటారని చదివాను. మనది 'ఇల్లు'. మన పూర్వులు ఆఫ్రికా వెళ్లారనడానికి ఇది రుజువు కాదా?
(ఒక పాఠకుడు, భీమునిపట్నం)

జవాబు: కాదు. పోలిక చూసి మీరు ముచ్చటపడడంలో తప్పు లేదు, మొదటిసారి విన్నప్పుడు నేనూ ముచ్చటపడ్డాను. చుట్టరికం ఉంటే వెనక్కి వెళ్లేకొద్దీ పోలిక పెరగాలి. మన 'ఇల్లు'కు తమిళంలో 'ఇల్', కూబిలో 'ఇలు' ఉన్నాయి. ఇకారం ఎక్కడా కదలలేదు. యోరుబా 'ఇలే' అలా కాదు. ఎకితి, ఒండో వంటి మాండలికాల్లో అది 'ఉలే'. వారి ప్రామాణిక భాషలో మాట మొదట వచ్చే ఇకారం చాలాచోట్ల పాత ఉకారం నుంచి మారినదేనని తులనాత్మక పరిశీలన చెబుతోంది. అంటే ఒక మెట్టు వెనక్కి దిగగానే పోలిక చెదిరిపోయింది. ఇగాలాలో ఇంటికి 'ఉన్యి' అంటారు, అది ఇంకా దూరం. యోరుబాకు ఇగ్బో, ఎదో, నూపె మాటల్లోనూ, మరింత దూరాన స్వాహిలి ఉన్న బంటు భాషల్లోనూ చుట్టాలున్నారు. ద్రావిడం ఆ జాబితాలో లేదు. అయితే మనలాగే వారికీ మాట అచ్చుతో ముగియాలి. ఇంగ్లీషు మాటను మనం 'బస్సు' చేసుకుంటే వారు 'బోసి' చేసుకున్నారు. ఇది చుట్టరికం కాదు, ఒకే అవసరానికి ఇద్దరూ ఒకే మందు వేయడం.

ప్రశ్న: నమస్కారమండీ. నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. యోరుబాలో అంకెలు తీసివేతతో చెబుతారని మా లెక్కల మాస్టారు అన్నారు. నలభై ఐదును ఎలా అంటారు?
(ఒక విద్యార్థిని, మధురవాడ)

జవాబు: మీ మాస్టారు చెప్పింది నిజమే. పదకొండు నుంచి పద్నాలుగు వరకు పదికి కలుపుతారు. పదిహేను రాగానే దారి మారి, 'ఇరవైకి ఐదు తక్కువ' అంటారు. పదహారు 'ఇరవైకి నాలుగు తక్కువ', పందొమ్మిది 'ఇరవైకి ఒకటి తక్కువ'. సంస్కృతంలో పందొమ్మిదిని 'ఏకోనవింశతి' అంటారు, అదీ ఇదే పద్ధతి. మనం గడియారం చూసి 'పావుతక్కువ పది' అనడమూ అంతే. యోరుబావారు దాన్ని ఇంకా దూరం తీసుకుపోయారు. లెక్కకు మూలం ఇరవై. నలభై అంటే రెండు ఇరవైలు, అరవై అంటే మూడు ఇరవైలు. యాభై అంటే మూడు ఇరవైలకు పది తక్కువ. ఇక మీరు అడిగిన 45 అంటే 'యాభైకి ఐదు తక్కువ', అంటే 20ని మూడుతో హెచ్చించి, పది తీసి, ఆపైన ఐదు తీయాలి. ఇదంతా అక్కడి అవ్వ బజారులో రెప్పపాటులో చెబుతుంది.

ఇలా ఎందుకన్నదానికి ఒక వివరణ ఉంది. ఆ దేశంలో గవ్వలే డబ్బు. పోసిన గవ్వల రాశి నుంచి ఐదేసి చొప్పున లాగి ఇరవైల కుప్పలు పెట్టేవారు కాబట్టి, ఐదులు, ఇరవైలు, తీసివేతలు భాషలోకి వచ్చాయని 19వ శతాబ్దపు పరిశీలకులు రాశారు. ఆ గవ్వల్లో చాలా భాగం మన హిందూ మహాసముద్రంలోని మాల్దీవుల నుంచి ఐరోపా వర్తకుల ఓడల్లో పోయినవే. నలభై గవ్వలకు చిల్లులు పొడిచి ఒక దండ కట్టేవారు. యాభై దండలు 2,000. అలాంటివి పది చేరితే 20,000, అది ఒక సంచి. సంచిని యోరుబాలో 'ఒకె' అంటారు, 20,000 అనే సంఖ్యకూ అదే మాట. అందుకే పది లక్షలను వారు నేటికీ 'యాభై సంచులు' అంటారు. మన దగ్గర దేనికీ పనికిరాని చిల్లిగవ్వ అక్కడ దండ కట్టి బజారుకు తీసుకెళ్లే డబ్బు.